సీక్వెన్సింగ్ డేటా చేతికొచ్చాక మొదట చూడవలసింది

బెంగళూరులో జీవశాస్త్ర పరిశోధనలో ఉన్న తెలుగువాళ్లు చాలామందే. బళ్లారి రోడ్డు మీద జీకేవీకే ఆవరణలో ఉన్న ఎన్‌సీబీఎస్‌లో, మల్లేశ్వరం పక్కన ఐఐఎస్‌సీలో, ఎలక్ట్రానిక్ సిటీలో బయోఇన్ఫర్మాటిక్స్ నేర్పే ఐబాబ్‌లో, జన్యుపరీక్షలు చేసే ప్రైవేటు సంస్థల్లో ఎక్కడికి వెళ్లినా మన మాట వినిపిస్తుంది. వీళ్లు కాక, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూనే ఈ రంగంలోకి రావాలనుకునే అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల పిల్లలు కూడా తెలిసినవాళ్ల ద్వారా నా నంబరు తీసుకుని ఫోన్ చేస్తుంటారు. అందరూ దాదాపు ఒకే ప్రశ్న అడుగుతారు: "అక్కా, స్టార్ నేర్చుకోమంటారా, సాల్మన్ నేర్చుకోమంటారా? ఆర్ మంచిదా, పైథాన్ మంచిదా?" మొదటి రెండూ ఈ డేటాను లెక్కించే సాఫ్ట్‌వేర్లు, తరవాతి రెండూ ప్రోగ్రామింగ్ భాషలు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడం తేలిక. ఏది నేర్చుకున్నా ఫరవాలేదు, కోడ్ రాయడం అలవాటున్నవాళ్లకు అవి త్వరగానే పట్టుబడతాయి. అంతకంటే ముందు అలవరచుకోవలసినది మరొకటి ఉంది. చేతిలో ఉన్న సీక్వెన్సింగ్ డేటా, అంటే డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల అక్షరాల వరుసను యంత్రంతో చదివించగా వచ్చిన డేటా, ఏ నమూనా నుంచి, ఏ రోజు, ఎవరి చేతి మీదుగా, ఏ యంత్రం మీద తయారై వచ్చిందో విచారించడం ఆ అలవాటు. అది లేకపోతే ఎంత మంచి సాఫ్ట్‌వేర్ వాడినా లెక్క సరిగ్గానే వస్తుంది, కానీ ఆ లెక్క దేని గురించో తెలియదు. నేను ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానో కొన్ని ఉదాహరణలతో వివరిస్తాను.

మొదట డీఎన్‌ఏ సీక్వెన్సింగ్‌కూ ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌కూ ఉన్న తేడా చెప్పుకోవాలి. ఒక మనిషి కాలేయంలోని కణాన్ని తీసుకున్నా, మెదడులోని కణాన్ని తీసుకున్నా అందులోని డీఎన్‌ఏ దాదాపు ఒకటే. ఇవాళ తీసినా పదేళ్ల తరవాత తీసినా సుమారు 310 కోట్ల అక్షరాల ఆ జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్‌ఏలో, పెద్ద మార్పు కనిపించదు. ఆర్‌ఎన్‌ఏ అలా స్థిరంగా ఉండేది కాదు. ఏ కణం, ఏ వేళ, ఏ పరిస్థితిలో ఏయే జన్యువులను వాడుకుంటున్నదో ఆర్‌ఎన్‌ఏ చెబుతుంది కాబట్టే పరిశోధకులకు దానిమీద అంత ఆసక్తి, అంత భయం కూడా. చెట్టు నుంచి కోసిన ఆకును ద్రవ నైట్రోజన్‌లో ముంచడం కొద్ది నిమిషాలు ఆలస్యమైతే చాలు, గాయానికి స్పందించే జన్యువులు అప్పటికే పని మొదలుపెట్టి ఉంటాయి. మన వేళ్ల చర్మం మీద సహజంగా ఉండే కొన్ని ఎంజైములు ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసేస్తాయి కాబట్టి చేతికి గ్లవ్స్ లేకుండా ఆర్‌ఎన్‌ఏ ఉన్న గొట్టాలను ఎవరూ ముట్టుకోరు. తీసిన ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో 1 నుంచి 10 వరకు ఉండే ఒక అంకెతో కొలుస్తారు, దాన్ని ఆర్‌ఐఎన్ అంటారు. జబ్బుపడినవారి నమూనాలకు 6, ఆరోగ్యవంతుల నమూనాలకు 9 వచ్చిన ప్రయోగంలో, ఆ తరవాత కనిపించే తేడాల్లో ఎన్ని జబ్బువల్ల వచ్చినవో, ఎన్ని ఆర్‌ఎన్‌ఏ చెడిపోవడంవల్ల వచ్చినవో విడదీయడం దాదాపు అసాధ్యం.

ఆర్‌ఎన్‌ఏ నేరుగా యంత్రంలోకి పోదు. కణంలోని మొత్తం ఆర్‌ఎన్‌ఏలో 80 శాతానికి పైగా ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములకు చెందినదే ఉంటుంది కాబట్టి ముందుగా దాన్ని తొలగించాలి, లేదా తోకలో వరుసగా అడెనిన్ అక్షరాలే ఉన్న సందేశవాహక ఆర్‌ఎన్‌ఏను మాత్రమే ఏరుకోవాలి. ఆ పైన దాన్ని డీఎన్‌ఏగా మార్చి, చిన్న ముక్కలకు రెండు చివరలా అడాప్టర్లు అనే చిన్న డీఎన్‌ఏ తునకలు అతికిస్తారు. అలా యంత్రానికి సిద్ధమైన ముక్కల మొత్తాన్ని లైబ్రరీ అంటారు. ఇల్యూమినా కంపెనీ సీక్వెన్సింగ్ యంత్రం ఒక్కొక్క ముక్కనుంచి సాధారణంగా 150 అక్షరాల వరకు చదువుతుంది. అలా చదివిన ప్రతి వరుసనూ రీడ్ అంటాం. తోకను పట్టుకుని ఏరే పద్ధతిలో చేసిన లైబ్రరీనీ, రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏను తొలగించే పద్ధతిలో చేసిన లైబ్రరీనీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు, ఎందుకంటే రెండింటిలో కనబడే జన్యువుల జాబితాలే వేరు. మరొక సంగతి కూడా కొత్తవాళ్లు గమనించరు. మొత్తం ఎన్ని రీడ్లు వస్తాయన్నది యంత్రాన్నిబట్టీ, మనం కట్టిన డబ్బునుబట్టీ ఉంటుంది తప్ప కణాన్నిబట్టి ఉండదు. అందువల్ల ఒక జన్యువుకు వచ్చిన రీడ్ల సంఖ్య ఆ జన్యువు వాటానే చెబుతుంది. రెండు మూడు జన్యువులు విపరీతంగా పెరిగితే, ఏ మార్పూ లేని మిగతా జన్యువులు కూడా తగ్గినట్లు కనిపిస్తాయి. జన్యువుల తేడాలు లెక్కగట్టే డీఈసెక్2, ఎడ్జ్‌ఆర్ వంటి సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు చేసే మొదటి పని ఈ వాటాలను సరిదిద్దడమే.

ఇక అసలు విషయానికి వస్తాను. యంత్రం నుంచి వచ్చే ఫైలును ఫాస్ట్‌క్యూ అంటారు. అందులో ఒక్కొక్క రీడ్‌కు నాలుగు వరుసలుంటాయి. రెండో వరుసలో అక్షరాలు, మూడో వరుసలో ఒక కూడిక గుర్తు, నాలుగో వరుసలో ఒక్కొక్క అక్షరాన్ని ఎంత నమ్మవచ్చో చెప్పే సంకేతాలు. నాలుగో వరుసలో ఇంగ్లిష్ పెద్ద అక్షరం 'ఐ' ఉంటే నాణ్యత 40, అంటే పదివేలలో ఒకసారి తప్పు చదివే అవకాశం. '#' గుర్తు ఉంటే నాణ్యత 2, అంటే ఆ అక్షరాన్ని లెక్కలోకి తీసుకోనక్కరలేదు. నాణ్యత 30 అంటే వెయ్యింటికి ఒక తప్పు. ఈ మూడు వరుసలనూ అందరూ చూస్తారు. '@' గుర్తుతో మొదలయ్యే మొదటి వరుసను మాత్రం కేవలం పేరుగా భావించి వదిలేస్తారు. నిజానికి అందులో యంత్రం గుర్తింపు సంఖ్య, యంత్రాన్ని ఎన్నోసారి నడిపారో చెప్పే రన్ సంఖ్య, ఏ ఫ్లోసెల్ (ముక్కలను చదివే గాజు పలక), అందులో ఏ లేన్ (పలకలోని కాలువ), లేన్‌లో ఏ గడి, ఆ గడిలో ఏ బిందువు అన్నవన్నీ కోలన్ గుర్తులతో విడదీసి వరుసగా ఉంటాయి. నమూనా ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో చెప్పే చిరునామా అది.

ఆ చిరునామా చదివినందువల్ల ఒక పెద్ద వాదమే తిరగబడిన సందర్భం ఉంది. 2014 డిసెంబరులో పీఎన్‌ఏఎస్ పత్రికలో మనిషి, ఎలుకల కణజాలాలను పోల్చిన ఒక పరిశోధన వెలువడింది. 13 రకాల కణజాలాలలో జన్యువుల పనితీరు చూస్తే మనిషి గుండె ఎలుక గుండెకంటే మనిషి కాలేయానికే ఎక్కువ దగ్గరగా ఉన్నదనీ, అంటే కణజాలంకంటే జాతి ప్రభావమే బలమైనదనీ అందులో తేల్చారు. అంతకుముందు వచ్చిన అధ్యయనాలకు ఇది పూర్తిగా భిన్నమైన ఫలితం. చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యోవ్ గిలాడ్, ఓర్నా మిజ్రాహీ-మాన్ ఆ డేటాను తీసుకుని, ఫాస్ట్‌క్యూ ఫైళ్లలోని మొదటి వరుసలనుబట్టి ఏ నమూనా ఏ యంత్రం మీద, ఏ రన్‌లో, ఏ లేన్‌లో నడిచిందో పట్టిక వేశారు. నమూనాలన్నీ ఐదు బ్యాచులుగా, అంటే ఒక్కసారిగా కలిపి నడిపిన ఐదు గుంపులుగా, నడిచాయి. వాటిలో నాలుగింటిలో ఒకే జాతి ఉంది, ఒక్కదానిలోనే రెండు జాతులూ కలిసి ఉన్నాయి. అంటే జాతి తేడా ఎక్కడుందో చాలావరకు బ్యాచ్ తేడా కూడా అక్కడే ఉంది. బ్యాచ్ ప్రభావాన్ని లెక్కగట్టి తీసివేశాక నమూనాలు కణజాలాలవారీగా జట్టుకట్టడం మొదలుపెట్టాయి. వారి విశ్లేషణ 2015లో ప్రచురితమైంది. మొదటి బృందంవారు దాన్ని అంగీకరించలేదు, చర్చ నడిచింది. ఎవరి పక్షం సరైనదన్నదానికంటే నాకు ముఖ్యమనిపించేది, జాతి, బ్యాచ్ అంతగా కలిసిపోయిన ప్రయోగంలో ఏ గణితమూ వాటిని పూర్తి నమ్మకంతో విడదీయలేదన్న సంగతి. ఆ సమస్యను లైబ్రరీలు లేన్లకు పంచే రోజునే, ప్రతి లేన్‌లో రెండు జాతులనూ కలిపి నడిపి నివారించి ఉండవచ్చు, అందుకు అదనపు ఖర్చు కూడా లేదు.

విచారకరమైన విషయమేమిటంటే, ఫైళ్లను ఎస్‌ఆర్‌ఏ వంటి బహిరంగ భాండాగారాల నుంచి దించుకున్నప్పుడు చాలాసార్లు ఆ మొదటి వరుస అసలు రూపంలో దొరకదు. దాని స్థానంలో భాండాగారం ఇచ్చిన క్రమసంఖ్య ఉంటుంది. అప్పుడు ఏ బ్యాచ్ ఎక్కడిదో తెలుసుకోవాలంటే పరిశోధకులకు ఉత్తరం రాయడం తప్ప వేరే దారి ఉండదు, వాళ్లు జవాబివ్వాలన్న నియమమూ లేదు.

ఇక నాకు దగ్గరగా తెలిసిన విషయం వేరుశనగ. అనంతపురం జిల్లా రైతులకు ఈ పంటకూ వర్షానికీ ఉన్న సంబంధం గురించి వేరే చెప్పనక్కరలేదు. కరువును తట్టుకునే రకాలలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో తెలుసుకోవడానికి ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ బాగా ఉపయోగపడుతుంది. నాకు పరిచయమున్న ఒక విద్యార్థిని తన ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మరొకరు చేసిన కరువు ప్రయోగం డేటాను విశ్లేషిస్తూ, నీళ్లు పోసిన మొక్కలకూ ఎండబెట్టిన మొక్కలకూ మధ్య అత్యధిక తేడా చూపిన జన్యువుల జాబితా నాకు పంపింది. జాబితా పైవరుసలో నాకు కనిపించినవి ఎల్‌హెచ్‌వైకి, టీఓసీ1కి దగ్గరి చుట్టాలైన జన్యువులు. ఇవి మొక్కలో కాలగడియారాన్ని నడిపేవి. మొదటిది తెల్లవారుజామున పెరుగుతుంది, రెండోది సాయంత్రానికి పెరుగుతుంది. "ఆకులు ఎప్పుడు కోశారో కనుక్కోమ్మా" అని చెప్పాను. నీళ్లు పోసిన కుండీల ఆకులు పొద్దున, ఎండబెట్టినవాటి ఆకులు మధ్యాహ్నం భోజనాల తరవాత కోశారని తెలిసింది. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ మొక్కలో సుమారు మూడోవంతు జన్యువులు రోజులో వేళనుబట్టి హెచ్చుతగ్గులవుతాయి. అలాంటప్పుడు ఆ జాబితాలో కరువు ఎంత, ఎండ పొద్దు ఎంత అని ఎవరు చెప్పగలరు? ఆ అమ్మాయి ఆ పని అక్కడితో ఆపి, ఒకే గంటలో కోసిన నమూనాలున్న మరొక డేటాను వెతికి ప్రాజెక్టు పూర్తిచేసింది. ఆమె పట్టుదల నాకు చాలా సంతోషం కలిగించింది.

వేరుశనగ జీనోమ్‌లోనే మరొక చిక్కు ఉంది. దక్షిణ అమెరికాకు చెందిన రెండు అడవి జాతులు కలిసి ఏర్పడిన మొక్క ఇది, అందుకే దానిలో చాలా జన్యువులకు ఒకదానికొకటి బాగా పోలిన రెండు జతల ప్రతులు ఉంటాయి. ఆ అడవి జాతుల జీనోములు 2016లోనూ, సాగుచేసే వేరుశనగ జీనోమ్ 2019లోనూ వెలువడ్డాయి. 150 అక్షరాల రీడ్ ఒకటి వచ్చినప్పుడు అది రెండు ప్రతుల్లో దేనిదో చాలాసార్లు తేల్చలేం. కొన్ని పద్ధతులు అలాంటి రీడ్లను పారేస్తాయి, కొన్ని సంభావ్యతనుబట్టి పంచుతాయి. ఏది చేశారో చెప్పకుండా "ఈ జన్యువు రెట్టింపు పనిచేసింది" అని రాసిన వాక్యానికి నేను విలువివ్వను. ఒకేసారి వేల అక్షరాలు చదివే పాక్‌బయో, నానోపోర్ యంత్రాలు ఈ ఇబ్బందిని చాలావరకు తగ్గిస్తాయి.

ఎన్ని మొక్కలు, ఎంతమంది మనుషులు, ఎన్ని ఎలుకలు అన్న ప్రశ్నకు కూడా సూటిగా సమాధానం చెప్పాలి. మూడు రెప్లికేట్లు, అంటే ఒకే పరిస్థితిలో పెంచిన మూడు వేర్వేరు నమూనాలు, చాలని మనవాళ్లు ఒక ఆచారంలాగా నమ్ముతారు. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈస్ట్ మీద ఒక్కొక్క వర్గానికి 48 రెప్లికేట్లు చేసి చూశారు. అన్నిటినీ వాడినప్పుడు తేడా ఉన్నట్లు తేలిన జన్యువులలో, మూడింటితో సరిపెట్టుకుంటే చాలా సాధనాలు 20 నుంచి 40 శాతం మాత్రమే పట్టుకోగలిగాయి. కనీసం ఆరు ఉండాలని వారి సిఫారసు. ఒకే మొక్క ఆకును మూడు గొట్టాలలో వేసి మూడు రెప్లికేట్లు అనడం మాత్రం అసలు ఒప్పుకోరాని పని, అక్కడ ఉన్నది ఒక్క మొక్కే. రీడ్ల సంఖ్య పెంచడానికి పెట్టే డబ్బును మరిన్ని మొక్కలకు పెట్టడం మేలని ఎవరడిగినా చెబుతాను. దీనితోపాటు గుర్తుంచుకోవలసింది, 20,000 జన్యువులను విడివిడిగా పరీక్షించి, యాదృచ్ఛికంగా అంత తేడా వచ్చే అవకాశం 0.05 కంటే తక్కువైతే చాలని గీత గీస్తే, ఏ తేడా లేకపోయినా సుమారు 1,000 జన్యువులు గీత దాటతాయి. ఇలాంటి తప్పుడు ఫలితాల వాటాను అదుపు చేయడానికి బెంజమిని, హోచ్‌బర్గ్ 1995లో ప్రతిపాదించిన సవరణ అందుకే తప్పనిసరి.

నమూనా అనుకున్నదే వచ్చిందా, వేరేదేదైనా కలిసిందా అన్నది మరొక ముఖ్యమైన ప్రశ్న. నీటి ఎలుగుబంటి అని పిలిచే టార్డిగ్రేడ్ అనే అతి చిన్న జంతువు జన్యువులలో ఆరో వంతు బ్యాక్టీరియా వంటి ఇతర జీవుల నుంచి వచ్చినవని 2015లో ఒక అమెరికా బృందం ప్రకటించింది. అదే జాతి జీనోమ్‌ను స్వతంత్రంగా తయారుచేసుకున్న ఎడిన్‌బరో బృందం వెంటనే ఆ ఫలితాన్ని పరిశీలించి, పరాయి జన్యువులుగా చెప్పినవాటిలో చాలావరకు ఆ జంతువుతోపాటు గొట్టంలోకి వచ్చిన బ్యాక్టీరియావేనని చూపించింది. నిజంగా ఆ జంతువు జీనోమ్‌లోనివే అయితే వాటికీ మిగతా జన్యువులకూ ఒక్కొక్క చోట పడే రీడ్ల సంఖ్య దాదాపు ఒకేలా ఉండాలి, ఉండలేదు. సాధారణ పరిశోధకుడు కూడా చేయగల ఇటువంటి తనిఖీ మానవ ఆర్‌ఎన్‌ఏ డేటాలో ఒకటుంది. ఎక్సిస్ట్ అనే జన్యువు సాధారణంగా స్త్రీల కణాలలోనే పనిచేస్తుంది. వై క్రోమోజోమ్ మీది ఆర్‌పీఎస్‌4వై1 పురుషులలోనే కనిపిస్తుంది. ఈ రెండింటి విలువలను పక్కపక్కన గ్రాఫుగా గీస్తే నమూనాలు రెండు గుంపులుగా విడిపోతాయి. పట్టికలో పురుషుడని రాసి ఉన్న నమూనా స్త్రీల గుంపులో కనిపించిందంటే, ఎక్కడో గొట్టాలో చీటీలో తారుమారయ్యాయన్నమాట. బహిరంగంగా ఉన్న డేటా మీద ఈ తరహా తనిఖీ చేసి 2016లో ప్రచురించిన ఒక పరిశీలనలో, చూసిన ప్రయోగాలలో దాదాపు సగంలో కనీసం ఒక నమూనా అయినా తారుమారైనట్లు కనబడింది. పది నిమిషాల పని ఇది, దీన్ని చేయకుండా ముందుకు వెళ్లడానికి నాకు ఏ కారణమూ కనిపించదు.

ఇంతగా హెచ్చరించినా, ఇతరులు తయారుచేసిన డేటాను వాడుకోవడానికి నేను పూర్తిగా అనుకూలం. అమెరికాలోని ఎన్‌సీబీఐ, బ్రిటన్ హింక్స్‌టన్‌లోని యూరోపియన్ ఆర్కైవ్, జపాన్‌లోని డీడీబీజే తమ దగ్గరికి వచ్చిన డేటాను ఒకరితో ఒకరు పంచుకుంటాయి, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. నంద్యాలలో ఉన్న డిగ్రీ కళాశాల విద్యార్థికి కూడా ఇది అందుబాటులో ఉన్న సంపద. 2015లో ముగింపుకు వచ్చిన వెయ్యి జీనోముల ప్రాజెక్టులో 26 జనసమూహాలకు చెందిన 2,504 మంది డీఎన్‌ఏ ఉంది, ఆ సమూహాలలో ఒకటి మనది. ఐటీయూ అనే సంకేతంతో ఉండే ఆ సమూహం బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారిది. ఒక జన్యుమార్పు మనవాళ్లలో ఎంతమందిలో ఉందో ప్రాథమికంగా చూడాలంటే ఇవాళ్టికీ నేను ముందు తెరిచేది అదే. అయితే అక్కడ కూడా నమూనా కథ తెలిసి ఉండాలి. విదేశానికి వెళ్లగలిగిన కొన్ని కుటుంబాల నుంచి వచ్చిన నమూనాలవి. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ వరకు ఉన్న అన్ని సమూహాలకూ ప్రతినిధులు కావు. పైగా వారి ఆరోగ్య వివరాలేవీ సేకరించలేదు, కనుక ఏ జబ్బు గురించీ ఆ డేటాను నేరుగా అడగలేం.

మనలో సమూహానికీ సమూహానికీ ఉన్న తేడా చిన్నదేమీ కాదు. హైదరాబాదు సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు చేసుకున్నందువల్ల దక్షిణాసియాలో ఎన్నో సమూహాలు కొద్దిమంది పూర్వీకుల డీఎన్‌ఏను ఎక్కువగా పంచుకుంటున్నాయని తేలింది. ఆంధ్ర, తెలంగాణ వైశ్య కుటుంబాలలో బీసీహెచ్‌ఈ జన్యువు మార్పు తరచుగా కనిపించడం అక్కడ చెప్పిన ఒక ఉదాహరణ. ఆ మార్పు ఉన్నవారికి శస్త్రచికిత్స సమయంలో సక్సినైల్‌కోలిన్ అనే కండర సడలింపు మందు ఇస్తే దాని ప్రభావం చాలా సేపు దిగదు, తమంతట తాము ఊపిరి తీసుకోలేరు. మత్తు వైద్యుడికి ముందే తెలిస్తే వేరే మందు వాడతాడు. సీక్వెన్సింగ్ డేటాకు సమూహం వివరం తోడవడంవల్ల ఒక మనిషికి ఆపరేషన్ టేబుల్ మీద కలిగే మేలు ఇది.

వెయ్యి జీనోముల ప్రాజెక్టులో మన సమూహాలకు మిగిలిన ఆ లోటు తీర్చే ప్రయత్నం బెంగళూరు నుంచే సాగింది. ఐఐఎస్‌సీ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ సమన్వయంతో 2020లో మొదలైన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు, దేశమంతటా ఉన్న సమూహాల నుంచి 10,000 మంది జీనోములు లక్ష్యంగా పెట్టుకుంది. డీఎన్‌ఏతోపాటు శరీర కొలతలు, రక్తపరీక్షల వివరాలు కూడా సేకరించారు, దానివల్ల ఈ డేటా విలువ ఎన్నో రెట్లు పెరిగింది. 2025 జనవరిలో అది ఫరీదాబాదులోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్ ద్వారా, దరఖాస్తు చేసుకుని అనుమతి పొందిన పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. మనుషుల డీఎన్‌ఏకు ఈ అనుమతి పద్ధతి ఉండటం న్యాయమే, ఎందుకంటే పేరు తీసేసినా డీఎన్‌ఏ ఎవరిదో కనుక్కునే దారులున్నాయి.

ప్రభుత్వ నిధులతో తయారైన జీవశాస్త్ర డేటాను పంచుకోవాలని బయోటెక్నాలజీ విభాగం 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి, ఆ నిధులు పొందే ఇక్కడి ప్రయోగశాలలన్నీ ఇప్పుడు ఫరీదాబాదు కేంద్రానికి ఫైళ్లు పంపవలసినవే. అలా పంపేటప్పుడు నింపే పట్టిక గురించి నా దగ్గరకు వచ్చేవాళ్లకు గట్టిగా చెబుతాను. 'ఆకు', 'కంట్రోల్' అని రెండు మాటలు రాసి ముగించవద్దు. ఆకు ఏ వయసుది, ఏ కొమ్మది, ఏ తేదీన ఏ గంటకు కోశారు, ఆర్‌ఎన్‌ఏ ఎవరు తీశారు, ఆర్‌ఐఎన్ ఎంత, ఏ కిట్, దాని లాట్ సంఖ్య ఏమిటి, లైబ్రరీ ఏ రోజు తయారైంది, ఏ ఫ్లోసెల్‌లో ఏ లేన్‌లో నడిచింది, ఒకే మొక్క నుంచి రెండు గొట్టాలు వచ్చి ఉంటే ఆ సంగతి, ఇవన్నీ ఒక్కొక్క నమూనాకు ఒక్కొక్క వరుసగా రాయాలి. ఈ పట్టికను పేపర్ అంగీకారం వచ్చిన రాత్రి జ్ఞాపకం చేసుకుంటూ నింపకూడదు. మొదటి ఆకు కోసే రోజున ప్రింటు తీసుకుని, పెన్సిల్‌తో సహా పొలానికి తీసుకువెళ్లాలి.